అయిపోని పడుగు

పెనుకొండ కోర్టు వరండాలో నన్ను ఎరగనివాళ్ళు లేరు. క్యాంటీను ఆయన నాకు చక్కెర తక్కువ టీ అడగకుండానే ఇస్తాడు. బంట్రోతు నా పేరు పిలవకముందే నా వైపు చూసి నవ్వుతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు నేనేదో పెద్ద ఆస్తి కోసం కొట్లాడుతున్నాననుకుని, "ఏం కేసు తల్లీ?" అని పక్కన చేరతారు. మగ్గం కేసని చెబుతాను. ఎవరివ్వాలని అడిగితే మొగుడని, అంటే పాత మొగుడని చెబుతాను. డిక్రీ వచ్చినా ఎందుకివ్వడంటే, మగ్గం మీద పడుగు అయిపోయాక ఇమ్మని అందులో రాసి ఉందని చెబుతాను. "ఆ మాట రాయించిన తెలివైనోళ్ళు ఎవరమ్మా?" అని అడిగారంటే మాత్రం, బస్సుకు టైమైందని లేస్తాను. రాయించింది నేనే.

నా పేరు కస్తూరి. ధర్మవరంలో నేత ఇంట్లో పుట్టాను. నాకు ఊహ తెలియకముందే నాయన పోయాడు. మా అమ్మ సిద్దమ్మకు మిగిలింది ఒక మగ్గం, ఒక కూతురు. రెండింటిలో మగ్గమే చెప్పిన మాట వింటుందని ఆమె వీధి వీధంతా చెప్పేది. ఆ మాటకొస్తే తప్పేమీ లేదు. మగ్గం ఎదురు మాట్లాడదు, నేను నిద్రలో కూడా మాట్లాడేదాన్ని.

మగ్గం మీద నిలువుగా పరుచుకుని ఉండే పోగులే పడుగు. ఒక పడుగులో మూడు నాలుగు చీరలు దిగుతాయి. చివరి చీర కోసుకున్నాక, పోగుల్ని విడదీసి పట్టే దువ్వెనలాంటి అచ్చులో మూరెడు పోగులు మిగులుతాయి. వాటిని మా ఇళ్ళలో తీసిపారెయ్యరు. వేళ్ళకు బూడిద రాసుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను పెనవేస్తారు. వేల పోగులు, ఒక్కొక్కటిగా. అట్లా అతికితే కొత్త పోగుల్ని మళ్ళీ అచ్చులోకి ఎక్కించే బాధ తప్పుతుంది. మా అమ్మకు మాత్రం అది బాధ తప్పించుకునే ఉపాయం కాదు, పద్ధతి. "మగ్గం ఉత్తదిగా ఉండగూడదు మే. చీర కోస్తాం గానీ పడుగు కొయ్యం" అనేది. మగ్గం ఉత్తదయ్యేది ఇంట్లో శవం లేచినప్పుడేనని కూడా అనేది. చిన్నప్పుడు ఆ మాటకు భయపడి, పడుగు అయిపోతోందంటే చాలు, బూడిద గిన్నె పట్టుకుని నేనే ముందు కూర్చునేదాన్ని.

పెళ్ళి వయసు రాగానే నన్ను అదే ఊళ్ళో కుళ్లాయప్పకు ఇచ్చారు. మంచివాడు. తాగడు, చెయ్యెత్తడు, పేకాట ఎరగడు. నేత కూడా బాగా నేస్తాడు, కూర్చుంటే. అతనికున్న రోగమల్లా ఒకటే. ఏం చెప్పినా "అట్లే" అంటాడు. అన్నాక చెయ్యడు. కప్పు కారుతోందప్పా అంటే, "అట్లే, చేపిస్తాలే" అనేవాడు. మేం విడిపోయేనాటికి కూడా వానొస్తే ఆ ఇంట్లో అవే చోట్ల అవే గిన్నెలు పెట్టుకోవాలి. మా అమ్మకు ఒంట్లో బాగాలేదు, అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోదాం అన్నాను. "అట్లే, పోదాం" అన్నాడు. చూసి చూసి నేనే ఆటో మాట్లాడుకుని తీసుకుపోయాను. ఆలస్యమైందన్నారు. అమ్మ పోయాక ఆమె మగ్గాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. అది తెచ్చే రోజు కూడా నలుగురు మనుషుల్ని నేనే పిలుచుకొచ్చాను. 

అట్లే అనే మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పోట్లాడినవాళ్ళకే తెలుసు. ఒక చేత్తో చప్పట్లు మోగవంటారు. నేను ఇన్నేళ్ళ కాపురమూ ఒక చేత్తోనే కొట్టాను. వీధి మొత్తానికి నా గొంతే వినిపించేది కనుక, గయ్యాళి పేరు నాకొచ్చింది, ధర్మరాజు పేరు అతనికొచ్చింది. పిల్లలు కలగలేదు. ఒకరోజు అన్నం పెడుతూ, "మనం ఇడాకులు తీసుకుందామప్పా" అన్నాను. అతను మజ్జిగ పోసుకుంటూ, "అట్లే" అన్నాడు. ఈసారి మాత్రం నేను అతని కోసం ఎదురుచూడలేదు. మరుసటి రోజే పెనుకొండలో లాయరు దగ్గరికి పోయాను.

లాయరు పేరు హరిణి. చిన్న వయసు, నా మాటల వేగానికి తట్టుకుని రాసుకోగల మనిషి. ఇద్దరి సమ్మతితో విడాకులు కనుక షరతులు రాసుకోవాలంది. ఇల్లు వాళ్ళ నాయనది కనుక అతనికే. మా అమ్మ మగ్గం నాకు. ఇంతే. "మగ్గాన్ని వెంటనే అప్పగించాలి అని రాస్తున్నా అక్కా" అంది హరిణి.

అక్కడ నోరు మూసుకుని ఉంటే నేను కస్తూరిని ఎట్లా అవుతాను? "వెంటనే ఎట్ల తల్లీ? దాని మీద షావుకారు పట్టు ఉండాది. పడుగు నడుమ మగ్గం కదిలించగూడదు. పడుగు అయిపోయినంక అని రాయి" అన్నాను. ఎంత పడుతుందని అడిగింది. రెండు నెలలు అన్నాను. పక్కన కూర్చున్న కుళ్లాయప్ప వైపు ఇద్దరం చూశాం. "అట్లే" అన్నాడు. నేత తెలిసినదాన్ని కనుక ఎవరికీ నష్టం లేకుండా ఎంత న్యాయంగా రాయించానో అని, బస్సులో కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను. జడ్జిగారి ముందు ఇద్దరం ఒప్పుకున్నాం. మగ్గం అప్పగిస్తానని అతను కోర్టుకు మాటిచ్చాడు. డిక్రీ అయింది.

నేను హిందూపురం వచ్చేశాను. అక్కడ ముదిరెడ్డిపల్లిలో పట్టు నేత పని దొరుకుతుంది. ఒకాయన షెడ్డులో కూలికి నేస్తూ, హనుమక్క అనే ఆమె ఇంట్లో ఒక గది బాడుగకు తీసుకున్నాను. గదిలో దిగిన మొదటి వారమే మగ్గానికి గుంత తవ్వించాను. మా మగ్గాల కింద కాళ్ళు పెట్టుకునేందుకు గుంత ఉండాలి. రెండు నెలల్లో మగ్గం వస్తుంది కదా, రాగానే దింపి నేయడం మొదలుపెట్టవచ్చని నా ఆత్రం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు. హనుమక్కకు ముందు చెప్పలేదు. చూసి గుండె పట్టుకుంది.

"అయ్యయ్యో, ఏమ్మా కస్తూరి, నా ఇంట్లో గోరీ తవ్వుతాండావా?"

"మగ్గానికి గుంతక్కా. రెండు నెలల్లో మగ్గం వస్తాది."

"మగ్గం వచ్చినాక తవ్వల్లగానీ, గుంత తవ్వి మగ్గానికి ఎదురు చూస్తారా యాడన్నా?"

రెండు నెలలు గడిచాక ధర్మవరం పోయాను. కుళ్లాయప్ప మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. పోగులు చూశాను. కొత్త రంగు. పాత పడుగు ఎర్రది, ఇది వంకాయ రంగు.

"ఇదేం పడుగప్పా?"

"అదే పడుగు."

"అదే ఎట్లవుతాది? అది ఎరుపు."

"అది అయిపోవస్తాంటే దీన్ని అతికినాను. మగ్గం ఉత్తదిగా ఉండగూడదు గదా. మీ అమ్మే చెప్పిందే."

  అతను వెక్కిరించడానికి అనలేదు, నిజంగానే అన్నాడు. నాలుగు ఇళ్ళ నేతగాళ్ళను పిలిచి పంచాయితీ పెట్టాను. పెద్దాయన ఒకాయన గడ్డం గోక్కుని, "ఇది నాయమే కస్తూరమ్మా. అతికినాక అదీ ఇదీ ఒకటే పడుగు. నువ్వు నేత ఇంట్లో పుట్టినదానివి, నీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. బూడిద గిన్నె పట్టుకున్న చేతులు ఇవే. తెలిసి తెలిసి, అయిపోని దాన్ని అయిపోయాక ఇమ్మని కోర్టు కాగితం మీద రాయించాను. వేలు ముద్ర వేసే మా అమ్మ అయితే ఈ తప్పు చేసేది కాదు. నేను పదో తరగతి పాసయ్యాను.

హిందూపురం తిరిగొచ్చాను. ఆ రాత్రి దీపం వెయ్యడం మరిచి గదిలోకి నడిచి, నా గుంతలో నేనే పడ్డాను. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారన్న సామెతను ఇంత నిజాయితీగా ఆచరించినవాళ్ళు మా జిల్లాలో ఇంకొకరు ఉండరు. కాలు వాచిపోతే హనుమక్క ఆముదం రాస్తూ, ఉల్లిగడ్డలన్నా పోసి పెట్టుకో, ఆ గుంత ఊరికే ఎందుకుండాల అంది. పోసుకున్నాను. మగ్గం కేసు నడిచినన్నాళ్ళూ నా గుంతలో ఉల్లిగడ్డలే ఉన్నాయి.

అప్పుడు మొదలైంది నా కోర్టు యాత్ర. కోర్టుకు మాటిచ్చి తప్పితే ధిక్కారం కదా, జైల్లో పెట్టరా అని హరిణిని అడిగాను. ధిక్కారం కేసంటే హైకోర్టుకు పోవాలని, డిక్రీని అమలు చేయించడానికి ముందు ఈ కోర్టులోనే పిటిషన్ వేద్దామని, చేతనై కూడా కావాలని ఇవ్వడం లేదని తేలితే ఈ జడ్జిగారే సివిల్ జైలుకు పంపవచ్చని వివరంగా చెప్పింది. జైలు అనే మాట వినగానే నేను సగం కేసు గెలిచినట్టు ఆటోలో కూర్చున్నాను.

వాయిదాకు కుళ్లాయప్ప క్రమం తప్పకుండా వచ్చేవాడు. చేతులు కట్టుకుని నిలబడేవాడు. పడుగు అయిందా అని జడ్జిగారు అడిగితే, "ఇంగా లేదు సామీ" అనేవాడు. అవగానే ఇస్తావా అంటే, "అట్లే సామీ" అనేవాడు. ఆ అట్లే వినగానే కోర్టు హాలంతా చల్లబడేది. నేను మాత్రం బెంచీ మీద ఉడికిపోయేదాన్ని. ఒకసారి తట్టుకోలేక, "సామీ, ఆయప్ప అట్లే అన్న పని ఈ భూమ్మీద ఒక్కటి కూడా జరగలేదు!" అని అరిచాను. జడ్జిగారు నన్ను మందలించారు. కోర్టు మర్యాద తప్పింది నేను, కేసు అతని మీద.

చివరికి హరిణి నన్ను కూర్చోబెట్టి, "అక్కా, నాకు నిజం చెప్పండి. మీ పడుగు అయిపోయేది ఎప్పుడు?" అని అడిగింది. నేను కాసేపు చీర కొంగు చూసుకున్నాను. "అయిపోదు తల్లీ" అన్నాను. సంగతంతా చెప్పాను. హరిణి నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడింది. తర్వాతి వాయిదాలో అదంతా జడ్జిగారికి చెప్పింది. ఆయన అంతా విని, ఇప్పుడు మగ్గం మీద ఉన్న చీర పూర్తయ్యాక ఇంకో పడుగు అతకకూడదని, ఆ చీర దిగగానే మగ్గం అప్పగించాలని ఉత్తర్వు చేశారు. ఇది తప్పితే జైలే అన్నారు. కుళ్లాయప్ప, "అట్లే సామీ" అన్నాడు.

ఆ చీర దిగలేదు. అతను నేయడమే మానేశాడు. చిల్లరకొట్టుకు సరుకు మోసే పనికి పోతున్నాడని తెలిసింది. ఉగాది లోపల మగ్గం రాకపోతే గుంత పూడ్చి గది వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని హనుమక్క అంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె మనవరాలు నడక నేర్చుకుంటోంది, నా గది వాకిలి దగ్గర ఎప్పుడూ ఒక మనిషి కాపలా ఉండాల్సి వచ్చేది. "ఎన్ని దుడ్లు ఇచ్చినా ఈ భయం నాకొద్దమ్మా" అంది. ఇంకొకరి షెడ్డులో ఇంకొకరి మగ్గం మీద నేసి, సాయంత్రం వచ్చి ఉల్లిగడ్డల పక్కన పడుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది. మా అమ్మ గుంతలో కూర్చుంటే ఎవరూ లెమ్మనలేకపోయేవారు. నాకు కావలసింది అదే, నన్ను లెమ్మనలేని ఒక చోటు.

మళ్ళీ పిటిషన్. ఈసారి జడ్జిగారు వారెంటు ఇచ్చారు. మగ్గాన్ని స్వాధీనం చేయించాలి, అడ్డుపడితే కుళ్లాయప్పను పట్టుకురావాలి. ఎగిరి గంతేద్దామనుకునేలోగా హరిణి ఇంకో మాట చెప్పింది. అతన్ని పట్టుకొస్తే, కోర్టులో హాజరు పెట్టేదాకా అతని తిండికి బత్తా నేను ముందే కట్టాలట.

"నేనా? ఆయప్ప తిండికా?"

"చట్టం అక్కా. పట్టించే వాళ్ళే కట్టాలి."

కాపురంలో వండి పెట్టాను. విడాకులు తీసుకున్నాక కూడా భోజనం నాదేనట. సంతకం పెట్టి కట్టాను. కట్టేటప్పుడు, ఆయనకు మజ్జిగ లేనిదే ముద్ద దిగదు అని గుమాస్తాతో అన్నాను కూడా. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వారెంటు అమలు చేయడానికి వచ్చిన కోర్టు అమీనా పేరు జయరాముడు. రిటైర్‌మెంటుకు దగ్గరలో ఉన్న పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పి. ఇద్దరం పెనుకొండలో రైలెక్కి ధర్మవరంలో దిగి, ఆటోలో మా వీధికి పోయాం. నన్ను చూడగానే వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కుళ్లాయప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. పక్కన ఒక సంచి.

"ఈ సంచేంది?" అని జయరాముడు అడిగాడు.

"జైలుకు సామీ. లుంగీ, టవలు పెట్టుకున్నా. పోదామా?" అని లేచి, నా వైపు తిరిగి, "బత్తా కట్టినావంట గదా. ఆడ భోజనం బాగుంటాదంటనా?" అన్నాడు.

జయరాముడు నా మొహం చూశాడు. "ఏం చేద్దామమ్మా? మగ్గమా, మనిషా? రెండూ ఒకేసారి ఈ ఆటోలో పట్టవు."

"మగ్గమే" అని లోపలికి నడిచాను. అడ్డు రాలేదు కుళ్లాయప్ప. సంచి పట్టుకుని పక్కకు జరిగాడు.

మగ్గం మీద దుమ్ము. చిలకపచ్చ పడుగు, ఎర్ర అంచు, సగం దాటి నేసిన ఆఖరి చీర. అంచులో నెమళ్ళు వరసగా వచ్చి, ఒక నెమలి మెడ దాకా వచ్చి ఆగిపోయింది. తల లేదు. జయరాముడు సంచిలోంచి కత్తెర తీసి నాకిచ్చాడు. "కోసెయ్యమ్మా. మళ్ళా సాయంత్రం బండి దొరకదు."

కత్తెర తీసుకుని మగ్గం దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్ళు దేనికోసం తిరిగానో అది నా చేతి కింద ఉంది. ఒక్కసారి వేళ్ళు కదిపితే పని అయిపోతుంది. పోగుల మీద చెయ్యి పెట్టాను. చెయ్యి కదల్లేదు. కోర్టులో అంత నోరు చేసుకున్న దాన్ని, తల లేని నెమలిని చూస్తూ కూర్చున్నాను.

"కొయ్యి. నువ్వు కోస్తే అయిపోతాది" అన్నాడు కుళ్లాయప్ప గుమ్మంలో నిలబడి.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వెందుకు నేయలేదప్పా? రెండు వారాల పని గదా ఇది? మగ్గం నాకివ్వడం ఇష్టం లేకపోతే ఆ రోజే లేదని చెప్పి ఉండొచ్చు గదా!"

 అతను గోడకు చెబుతున్నట్టు, "కూచుంటా కస్తూరీ. నాలుగు పోగులు వేస్తా. అయిపోతాదేమో అని భయమై లేస్తా. ఇది అయిపోతే నువ్వు ఈ ఇంటికి వచ్చే పనుండదు గదా" అన్నాడు.

అతని నోట్లోంచి అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. కోపం రావాలి, వచ్చింది. ఆసుపత్రి గుర్తొచ్చింది, కారే కప్పు గుర్తొచ్చింది. కానీ దాని కిందే ఏడుపు కూడా వచ్చింది. ఇట్లాంటి మాట ఒక్కటి, కాపురం చేసే రోజుల్లో అని ఉంటే నేను పెనుకొండ బస్సు ఎక్కేదాన్నా? అప్పా, నీ ప్రేమ కూడా నువ్వు వాయిదాలకే తెచ్చావా అనుకున్నాను. కొంగుతో ముక్కు తుడుచుకుని, కత్తెర జయరాముడికి తిరిగిచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు గుంతలో పెట్టి కూర్చున్నాను.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాడు జయరాముడు కంగారుగా.

"నేస్తాండా. చీర దిగినాక తీసుకపోతా."

"నేనేం రాసుకోవల్ల కోర్టుకు?"

"నాకు తెల్వదు సామీ."

ఆయన సంచిలోంచి వారెంటు కాగితం తీశాడు. "మగ్గంలో కూచున్నది డిక్రీదారే గదా. స్వాధీనం అయిందనే రాసుకుంటా" అని, నాచేత సంతకం పెట్టించుకుని, రైలుకు పోయాడు.

నేను పొరుగింట్లో పడుకుని పొద్దున్నే వచ్చి నేసేదాన్ని. వీధి జనానికి పండగ. ఇన్నేళ్ళు మొగుడి మీద కేసులేసి, వారెంటు తెచ్చి, చివరికి అదే ఇంట్లో అదే మగ్గంలో కూర్చున్న ఆడదాన్ని చూడడానికి పక్క వీధుల నుంచి కూడా వచ్చారు. పంచాయితీ చెప్పిన పెద్దాయన వచ్చి, "ఇడాకులు రద్దయినాయా కస్తూరమ్మా?" అని అడిగాడు. లేదు, చీర మిగిలిందని చెప్పాను. కుళ్లాయప్ప ఉప్మా చేసి పళ్ళెం అరుగు మీద పెట్టి పోయేవాడు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. తిన్నాను. అడ్డంగా వేసే పేకకు దారం చుట్టి ఇచ్చేవాడు. నెమలికి తల వచ్చింది. దాని వెనక ఇంకో నెమలి వచ్చింది. మేం కేసు గురించి గానీ, వెనక్కి రావడం గురించి గానీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒక మధ్యాహ్నం నా చేతులు వాటంతటవే నిదానించడం చూసుకుని నాకే భయం వేసింది. మరుసటి రోజు ఇంకా పొద్దున్నే వచ్చి కూర్చున్నాను.

చీర దిగింది. కోసి మడత పెట్టి షావుకారుకు ఇవ్వమని కుళ్లాయప్ప చేతికిచ్చాను. అచ్చులో మూరెడు పచ్చ పోగులు మిగిలాయి. వాటిని తీయకుండా ముడులు వేసి అచ్చుతో పాటే చుట్టాను.

"టెంపో పిలవల్ల. దూలాలు మొయ్యేకి మనుషులు కావల్ల" అన్నాను, ఎవరితోనో అన్నట్టు.

"అట్లే" అని బయటికి పోయాడు కుళ్లాయప్ప.

నేను అరగంట చూసి, నిట్టూర్చి, చెప్పులేసుకుని, నేనే పోదామని వీధిలోకి వచ్చాను. వీధి మలుపు తిరగకముందే ఎదురుగా టెంపో వస్తోంది. ముందు సీట్లో అతను. వెనక ఇద్దరు మనుషులు. అంచులో నెమళ్ళు దించే జకార్డు పెట్టె అతనే విప్పాడు, దాని చిల్లుల అట్టలు వరుస తప్పకుండా కట్టాడు, దూలాలు ఒక్కొక్కటి భుజం మీద మోసి ఎక్కించాడు, తాళ్ళు బిగించి లాగి చూశాడు. గంటలో అయిపోయింది. మా కాపురం మొత్తంలో అతను అట్లే అని ఆ వెంటనే చేసిన పని అదొక్కటే. అది నన్ను పంపించే పని. టెంపో కదిలేటప్పుడు చెయ్యి ఊపుతాడేమోనని అద్దంలో చూశాను. అతను అప్పటికే నిచ్చెన తెచ్చి ఇంటి కప్పుకు ఆనిస్తున్నాడు.

హిందూపురం చేరి, ఉల్లిగడ్డలు తీసి, గుంత ఊడ్చి, మగ్గం దింపాను. హనుమక్క పసుపు కుంకుమ పెట్టి, తన మనవరాల్ని ఎత్తుకుని భయం లేకుండా గదిలోకి వచ్చింది. ముదిరెడ్డిపల్లి షావుకారు కొత్త పట్టు ఇచ్చాడు, నీలం. మర్నాడు పొద్దున్నే వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చున్నాను. అతని పచ్చ పోగుల కొసలకు నా నీలం పోగుల కొసలు ఒక్కొక్కటే పెనవేస్తుంటే ఫోను మోగింది. హరిణి.

"అక్కా, డిక్రీ పూర్తిగా తీరిందని కోర్టులో చెప్పి కేసు మూసేస్తాను. మగ్గం వచ్చింది కదా. ఆ పడుగు కూడా అయిపోయినట్టే కదా?"

చేతిలో ఒక పచ్చ కొస, ఒక నీలం కొస ఉన్నాయి. రెండూ కలిపి మెలేశాను.

"అట్లే తల్లీ" అన్నాను.